అడిగెటోళ్లు

పట్నం నుంచి శవం వేషానికని తెచ్చిన అమ్మాయి మిరపకాయల మీద పట్టుమని పది నిమిషాలు పడుకోలేకపోయింది. వీపు మండి లేచి కూర్చుంది. మిరపకాయలు తగిలిన చేత్తోనే కళ్లు నులుముకుంది. ఇక అంతే, కళ్లు తెరవడం కాలేదు. ప్రొడక్షన్ మేనేజర్ కుమార్ ఆమెను కారెక్కించి డోర్నకల్ పంపించాడు. కారు పోయిన దుమ్ము అణగకముందే కల్లం నాలుగు దిక్కులా చూడడం మొదలుపెట్టాడు.

కల్లం నిండా ఎండుమిర్చి పరిచి ఉంది. పొద్దు ఇంకా పొడవలేదు. ఆ మసక వెలుతురులో మిర్చి ఎరుపు నల్లబడి, ఆరిన నెత్తురులా కనిపిస్తోంది. డైరెక్టర్ విక్రమ్‌కు కావలసింది ఆ రంగే. సూర్యుడు వస్తే పోతుంది. పొద్దు పొడిచేలోపు షాట్ అయిపోవాలి, లేదంటే మర్నాడే.

కల్లానికి ఒక మూల తండా ఆడవాళ్లు ముక్కులకు కొంగులు బిగించి తాలు కాయలు ఏరుతున్నారు. సినిమావాళ్లకు కల్లం ఇచ్చిన రైతు, పని ఆపుతానని మాత్రం మాట ఇవ్వలేదు. తెల్లబడ్డ కాయ ఒక పక్కకు, మంచి కాయ ఒక పక్కకు. వాళ్ల చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, కళ్లు మాత్రం కెమెరా వైపే ఉన్నాయి.

"అమ్మా, మీలో ఎవరైనా కాసేపు పడుకుంటారా?" అన్నాడు కుమార్ దగ్గరికొచ్చి.

"యాడ?" అంది కళావతి.

"ఆ మిరపకాయల మీదే. చచ్చిపోయినట్టు."

అందరూ ఒక్కసారి నవ్వారు. వాళ్లలో పెద్దది లచ్చి మాత్రం తల ఎత్తకుండా, "బతికుండి గివి ఏరుకుంట సస్తనే ఉన్నం. పండుకుని సస్తె గూడ కూలిస్తరంట. పో కళావతీ, నడుమన్న వాలినట్టయితది" అంది.

కళావతి కొంగు దులుపుకుని లేచింది. ముందు కొబ్బరినూనె అడిగింది. మెడకు, చేతులకు, పాదాలకు పట్టించుకుంది. మేకప్ మనిషి చెంప మీద నల్లటి గాయం దిద్దాడు. నుదుటి నుంచి చెవి దాకా ఎర్రటి పాకం కార్చాడు. తియ్యటి వాసనకు చీమ ఒకటి అప్పుడే మెడ మీదికి పాకింది. అసిస్టెంట్ డైరెక్టర్ శ్రీలత దాన్ని వేలితో తీసేసింది. శ్రీలతది జనగామ. ఆ గుంపులో అమ్మా అని గాక అక్కా అని పిలిచేది ఆమె ఒక్కతే.

"ఏం సినిమా బిడ్డా గిది?"

"డిటెక్టివ్ సినిమా అక్కా. పోలీసులు వదిలేసిన కేసును ఒక మనిషి సొంతంగ తిరిగి తిరిగి పట్టుకుంటడు. గాయన చుట్టు అన్ని అబద్ధాలే, నమ్మినోళ్లే మోసం జేస్తరు. అంత మసక మసకగ, చీకటిగ ఉంటది. గదో, కోటేసుకున్నాయనే డిటెక్టివ్."

మార్చి నెలలో మోకాళ్ల దాకా కోటు వేసుకున్న హీరో బస్తాల పక్కన కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

కళావతి పడుకుంది. ఒక చేయి పక్కకు చాచి, తల వాల్చి, కళ్లు మూసింది. చచ్చినట్టు ఉండడమంటే ఊపిరి బిగబట్టడం అనుకుంది. కాదట. కడుపు కదలకుండా పైపైన పీల్చాలట. శ్రీలత చెవిలో చెప్పి పక్కకు పోయింది. మిరపకాయల తొడిమలు వీపుకు గుచ్చుకుంటున్నాయి. ముక్కులో ఘాటు కదిలింది. తుమ్ము రాకుండా నాలుకను అంగిటికి నొక్కి పట్టింది. చిన్నప్పటి నుంచి ఈ ఘాటులోనే పెరిగింది గనుక ఆ మాత్రం పట్టగలిగింది.

"యాక్షన్" అని కేక.

బూట్ల చప్పుడు దగ్గరైంది. తల దగ్గర ఆగింది. పైనుంచి ముసలి గొంతు ఒకటి పలికింది.

"తండా మనిషే సార్. అడిగెటోళ్లెవ్వరు లేరు."

కానిస్టేబుల్ వేషం వేసిన పోశాలు గొంతు అది. లింగాల ఘనపూర్ మనిషి. నలభై ఏళ్లు ఊరూరా భాగోతాలాడిన గొంతు. సినిమాలో ఇదే మొదటి వేషం, ఉన్నది ఇదొక్కటే మాట.

"పోశాలు గారూ, ఇంకొంచెం యాస పెట్టండి. నవ్వొచ్చేట్టు ఉండాలి" అన్నాడు విక్రమ్ దూరం నుంచి.

"నాది గిదే యాస సార్. ఇంకెక్కడి నుంచి తేవాలె?"

కెమెరా దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. పోశాలు గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. మళ్లీ. ఆ మాట అయిన వెంటనే కోటు మనిషి ముందుకొస్తాడు. శవానికి అవతలి పక్క మిర్చిలో ఒక తాళంచెవి మెరుస్తుంటుంది. అతను కళావతి మీదుగా కాలు చాచి దాటుతాడు. దాటేటప్పుడు కోటు అంచు ఆమె ముఖాన్ని రాసుకుంటూ పోతుంది. తాళంచెవి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, వెళ్లిపోతాడు.

మొదటిసారి ఆ మాట కళావతి చెవికెక్కలేదు. రెండోసారి ఎక్కింది. ఆ తర్వాత ప్రతిసారీ, "యాక్షన్" అనగానే ఆ మాట కోసమే చెవి ఎదురుచూసింది. కళ్లు మూసుకున్న మనిషికి వినడం తప్ప వేరే పని లేదు. తండా మనిషే. అడిగెటోళ్లెవ్వరు లేరు. కోటు అంచు ముఖం మీద నుంచి పోయేది. పడుకున్న మనిషిని దాటితే ఇంట్లో పసిపిల్లను కూడా కోప్పడి వెనక్కి దాటమంటారు. ఇక్కడ ఎవ్వరూ ఏమీ అనలేదు. ఇంకోసారి అన్నారంతే.

పొద్దు పొడిచింది. మిర్చి భగ్గున ఎర్రబడింది. విక్రమ్ టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నాడు. "రేపు" అన్నాడు.

చాయ్ తాగుతూ కళావతి శ్రీలతను అడిగింది. "బిడ్డా, నన్ను సంపిందెవలు?"

శ్రీలత నవ్వింది. నవ్వి, చాయ్ గ్లాసు కింద పెట్టి ఆలోచనలో పడింది.

"అంటే అక్కా... గా తాళంచెవి పట్టుకుని హీరో భూపాలపల్లి పోతడు. అక్కడ బొగ్గు దొంగతనంగ అమ్మే పెద్దమనిషి ఒకడుంటడు. వాని వెంట పడతడు. వాని ఇంట్ల ఒక ఆమె ఉంటది, ఆమెను ఇష్టపడతడు. ఆమె మోసం జేస్తది."

"గా పెద్దమనిషిని పట్టుకుంటడా?"

"పట్టుకుంటడు."

"నన్ను సంపినందుకా?"

"కాదు. బొగ్గుకు."

"మరి నన్ను?"

శ్రీలత కథంతా మనసులో వెనక్కీ ముందుకూ తిప్పి చూసుకుంటున్నట్టు కళ్లు చిట్లించింది. "మల్ల నీ ముచ్చట రాదక్కా" అంది చివరికి, చిన్న గొంతుతో.

"పేరేంది నాది?"

"పేరు... పెట్టలేదు."

కళావతి ఖాళీ గ్లాసును ఎర్ర పాకం అంటిన వేళ్లతో ఒకసారి తిప్పి, లేచి తాలు కుప్ప దగ్గరికి పోయింది.

మర్నాడు మంచు కొద్దిగా పట్టింది. విక్రమ్‌కు సంతోషం. మంచులో కల్లం అంచులు కరిగిపోయి, మధ్యలో నలుపెరుపు మాత్రం మిగిలింది. కెమెరామన్ చూసి, "ఈ రోజు కొట్టేస్తున్నాం సార్" అన్నాడు. కళావతిని నిన్న పడుకున్నట్టే పడుకోబెట్టారు. చేయి అటు, తల ఇటు. తండా ఆడవాళ్లను పని ఆపి, కల్లం పక్కన కట్టిన తాడు వెనక నిలబడమన్నారు. ఊళ్లో శవం దొరికితే జనం చేరతారు కదా, ఆ జనం వాళ్లే. "మీరేం మాట్లాడొద్దు. ఊరికే చూస్తూ ఉండండి" అని కుమార్ చెప్పాడు.

"యాక్షన్."

బూట్లు వచ్చాయి. ఆగాయి.

"తండా మనిషే సార్. అడిగెటోళ్లెవ్వరు లేరు."

"ఎందుకు లేరు?" అంది శవం.

పోశాలు ఒక అడుగు వెనక్కి వేశాడు. హీరో ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగింది. కట్ అనడానికి కూడా విక్రమ్‌కు కొంచెంసేపు పట్టింది. ఆ తర్వాత యూనిట్ అంతా నవ్వింది, విక్రమ్ కూడా నవ్వాడు. "అమ్మా, శవాలు మాట్లాడవమ్మా. వన్ మోర్."

రెండోసారి పోశాలు ఆ మాట అనగానే కళావతి కళ్లు తెరిచి లేచి కూర్చుంది. వెంట్రుకల నిండా మిరపగింజలు. చెంప మీద పాకం ధారగా జారింది.

"నాకు అమ్మ లేదా సారూ? మొగడు లేడా? తండా తండా ఉన్నది గదా. గాళ్లు గదో, తాడు ఎనకాలనే నిలవడ్డరు. అడిగెటోళ్లు లేరని మా ముంగటనే అనవడితిరి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కుమార్ గబగబా ముందుకొచ్చాడు. "ఏమ్మా, నిన్ను పడుకోమన్నామా, మాట్లాడమన్నామా? వెలుతురు పోతుంది." విక్రమ్ చేయి అడ్డం పెట్టి అతన్ని ఆపాడు. తనే వచ్చి కళావతి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మంచివాడే. ఎవరి మీదా గొంతు ఎత్తడు. ఈ సినిమా కోసం ఉద్యోగం వదులుకున్నవాడు.

"చూడండి, ఈ రకం సినిమాల్లో లోకమే అలా ఉంటుంది. పేదవాళ్లు చచ్చిపోతే ఎవరూ పట్టించుకోరు. నేను చూపించాలనుకుంటున్నది అదే. మీకు పేరు లేకపోవడమే అసలు పాయింటు. చూసినవాళ్లకి కోపం రావాలి."

కళావతి అతని ముఖంలోకి నేరుగా చూసింది.

"కోపం ఎప్పుడొస్తది సారూ? మీ కోటాయన నన్ను దాటి తాళంచెవి తీసుకపోతడు. సూసెటోళ్లు గాయన ఎంబడి పోతరు. నా ఎంబడి ఎవలుంటరు? నన్ను లోకం పట్టించుకోదు, సరే. మీరు పట్టించుకున్నరా? నన్ను సంపిందెవలో మీకు ఎరుకేనా?"

విక్రమ్ తల ఎత్తి తూర్పుకు చూశాడు. మంచు పలచబడుతోంది. "కథ దాని గురించి కాదు" అన్నాడు.

"గదే నేను గూడ అంటున్న."

లేచింది. వెంట్రుకలు విదిలించింది. మిరపగింజలు విక్రమ్ చొక్కా మీద రాలాయి. తాడు కింద నుంచి వంగి అవతలికి పోయి, తాలు కుప్ప ముందు కూర్చుని కొంగు ముక్కుకు బిగించుకుంది.

కుమార్ తాడు పొడుగునా నడిచాడు. ఒక్కొక్కరి ముందు ఆగి, "నువ్వు పడుకుంటావా?" అని అడిగాడు. అడిగిన ప్రతి మనిషీ జవాబు చెప్పకుండా పోయి కళావతి పక్కన చతికిలబడింది. కాయలు ఏరే చప్పుడు మళ్లీ మొదలైంది, పొడి ఆకుల మీద నడిచినట్టు. ఆఖరుకు తాడు వెనక ఎవరూ మిగల్లేదు. పొద్దు పొడిచింది.

సాయంత్రం పోశాలు తండాకు వచ్చాడు. కానిస్టేబుల్ బట్టలు విప్పి, తన ధోతీ, తన తలపాగాతో వచ్చాడు. కళావతి ఇంటి ముందు బర్రెకు గడ్డి వేస్తోంది. లచ్చి పక్కింటి అరుగు మీద కూర్చుని చూస్తోంది.

"కూసో బాపు" అని కళావతి మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది.

పోశాలు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, చెంబును ఒళ్లో పెట్టుకున్నాడు.

"బిడ్డా, నీ మీద కోపంతోని రాలె. అడుక్కుందమని వచ్చిన. నేను కృష్ణుని వేషం కట్టిన, కీచకుని వేషం కట్టిన. తెల్లందాక పద్యాలు పాడిన. గిప్పుడు భాగోతం ఎవలు సూస్తలేరు. గీ తెర మీద ఒక్కసారి మొకం కనిపిస్తె సాలనుకున్న. నా మన్మలు సూస్తరు గద. ఉన్నది ఒక్క మాట. గది గూడ పాయె అంటే..." ఆగి, చెంబులోకి చూశాడు. "నవ్వొచ్చేటట్టు మాట్లాడమంటున్నరు. గది గూడ మింగుకుని మాట్లాడిన."

కళావతి గడ్డి కట్ట విప్పుతూ ఆగింది. ఈ ముసలాయన వచ్చి తిడతాడనుకుంది. తిడితే జవాబు సిద్ధంగా ఉండేది.

"నీ మాట తీసెయ్యమని నేను అన్లేదు బాపు. గా మాట అబద్ధం, గదే అన్న."

"సినిమానాయె బిడ్డా. సినిమాల అంత అబద్ధమే."

"అబద్ధం కాదు" అంది లచ్చి అరుగు మీది నుంచి.

ఇద్దరూ అటు తిరిగారు. లచ్చి కాళ్లు ముడుచుకుని, మోకాళ్ల మీద చేతులు కట్టుకుని కూర్చుంది. మాట మెల్లగా వచ్చింది.

"నా బిడ్డ పత్తి ఏరనీకి పోయింది, భూపాలపల్లి అవతల. మేస్త్రి తోలుకపోయిండు. కాలువ కాడ దొరికిందట. ఎవ్వరో తెల్వదని, అడిగెటోళ్లెవ్వరు లేరని దవాఖానల పెట్టి, ఆళ్లే బొందపెట్టిండ్రు. మాకు ఎరుకయ్యేటాల్లకు మట్టి ఆరింది. మొకం సూడలె. మీద పడి ఏడ్వలె. సంపిండ్రా, సచ్చిందా అని అడిగితె, ఇప్పుడొచ్చి అడుగుతవేంది అన్నరు." పోశాలు వైపు తిరిగింది. "నువ్వు మంచిగనే చెప్తున్నవ్ పోశాలన్నా. ఆళ్లు గూడ గట్లనే అన్నరు. గదే మాట, గదే తీరు."

పోశాలు చెంబు నేల మీద పెట్టాడు. శబ్దం కూడా కాకుండా పెట్టాడు. తలపాగా సర్దుకుని లేచి, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా గేటు దాకా పోయి, మళ్లీ తిరిగి వచ్చాడు.

"పేరేంది అక్కా, బిడ్డ పేరు?"

"సునీత."

అతను తల ఊపి, చీకటి పడకముందే రోడ్డెక్కాలని కర్ర పట్టుకుని నడిచాడు.

మూడోనాడు పొద్దున్నే విక్రమ్ స్వయంగా తాలు కుప్ప దగ్గరికి వచ్చాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. వెనకే శ్రీలత.

"పేరు పెడదామండీ" అన్నాడు. "నేను ఆలోచించాను. మీరన్నదాంట్లో నిజం ఉంది. నీలి అని పెడుతున్నా. 'నీలి అట సార్, తండా మనిషే' అని అంటాడు పోశాలు గారు."

ఆడవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకామె కొంగులో నవ్వింది.

"మా తండల నీలి ఎవలు లేరు సారూ" అంది కళావతి. "మా పోరిలకు కావేరి, మౌనిక, సునీత అని పెట్టుకుంటం. మీరు మీ పిల్లలకు పెట్టుకున్నట్టే."

"సరే సరే, ఏదో ఒకటి. పేరు ఉంటుంది."

"ఆ ఎనక మాట?"

విక్రమ్ నిట్టూర్చాడు. "అది ఉండాలండి. అది తీసేస్తే సీనే లేదు. పేరు పెట్టాను కదా."

కళావతి చేతిలోని కాయను తాలు వైపు వేసింది. లేచే ఉద్దేశం ఆమెకు లేదు. అప్పుడు లచ్చి, తమ లంబాడీ భాషలో, కాయల మీద నుంచి చూపు తిప్పకుండానే, "పో, పండుకో" అంది.

"ఏంది యాడీ?" అంది కళావతి. తండాలో అందరికీ లచ్చి యాడే, అమ్మే.

"పండుకో అంటున్న. తాడు ఎనక మేముంటం గద."

కళావతికి అర్థం కాలేదు. లచ్చి ముఖంలో ఏమీ కనిపించలేదు. కానీ ఆమె మాటకు ఎదురు చెప్పే అలవాటు తండాలో ఎవరికీ లేదు. నూనె రాసుకుంది. పాకం పూయించుకుంది. మిర్చి మీద పడుకుని చేయి చాచి, తల వాల్చి, కళ్లు మూసింది. ఘాటు ముక్కుకు ఎక్కింది. పక్కనే ఎక్కడో శ్రీలత నడుస్తున్న చప్పుడు. దూరంగా రైలు కూసింది, అది పోయేదాకా ఆగారు. ఆ తర్వాత అంతా సద్దుమణిగింది.

"యాక్షన్."

బూట్లు వచ్చి తల దగ్గర ఆగాయి. పోశాలు ఊపిరి పీల్చడం వినిపించింది.

"తండా మనిషే సార్" అన్నాడు. ఆగాడు. "అడిగె..."

ఆ మాట అక్కడే తెగింది. తాడు కిందికి వంగింది, ఎవరో దాన్ని దాటారు. పాదాల చప్పుడు, వెండి కడియాల చప్పుడు, మిర్చి తొక్కుకుంటూ వస్తున్న చప్పుడు. ఎవరో తన మీద పడ్డారు. ఎండిన చేతులు రెండు ఆమె ముఖాన్ని పట్టుకున్నాయి. ఆ చేతుల వాసన కళావతికి తెలుసు, మిర్చి, పొగాకు.

"బేటీ" అని లచ్చి ఏడుపు ఎత్తుకుంది. "సునీతా. నా సునీతా."

తన పేరు వస్తుందనుకున్న కళావతి లోపల ఎక్కడో ఉలిక్కిపడింది. కదలలేదు.

లచ్చి తమ భాషలోనే ఏడ్చింది. పాటలాగా ఏడ్చింది, మాటలాగా ఏడ్చింది. ఎవలు తోలుకపోయిండ్రు బేటీ. ఏ కాలువ పక్కన పండబెట్టిండ్రు. నీకు అన్నం పెట్టిండ్రా. నీ మొకం మీద మన్ను ఎవలేసిండ్రు, నన్ను అడగకుండ. నేను ఉన్న గద, నీ యాడి ఉన్న గద. వెనకే మిగిలిన ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని ఆ పాట అందుకున్నారు. లచ్చి ఒక మాట అంటే వాళ్లు దాన్ని పొడిగించి, మళ్లీ ఆమెకే ఇచ్చారు. కళావతి చెంప మీది పాకంలోకి లచ్చి కన్నీళ్లు పడి చెవిలోకి కారాయి.

కోటు మనిషి రెండడుగులు ముందుకు వచ్చాడు. దాటడానికి చోటు లేదు. తాళంచెవి ఎవరి మోకాలి కిందో ఉంది. అతను అటు చూశాడు, ఇటు చూశాడు. చేతులు కోటు జేబుల్లోంచి తీసి ఏం చెయ్యాలో తెలియక వేలాడేశాడు. పోశాలు నెత్తి మీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంకా బయట నిలబడిన ఇద్దరు ముగ్గురి కోసం తాడు ఎత్తి పట్టుకున్నాడు. తన మాట చెప్పాలని అతనికి గుర్తే లేదు. గుర్తుండి కూడా చెప్పలేదో.

కట్ అని ఎవరూ అనలేదు. విక్రమ్ కెమెరా బొమ్మ చూసే చిన్న తెర ముందు నుంచి లేచి నిలబడ్డాడు. కుమార్ అతని చెవిలో ఏదో అనబోతే, చూడకుండానే చేత్తో వద్దన్నాడు.

చాలాసేపటికి ఏడుపు దానంతట అదే తగ్గింది. లచ్చి కళావతి నుదుటి మీది వెంట్రుకలు తీసి, చెవి వెనక్కి దువ్వింది. అప్పుడు విక్రమ్ కట్ అన్నాడు, గట్టిగా కాదు.

కెమెరామన్ తల పైకెత్తాడు. "సార్, చిన్న ప్రాబ్లం. శవం కళ్లలోంచి నీళ్లొస్తున్నాయి. మూసినవే, కానీ క్లోజ్‌లో తెలుస్తుంది." కెమెరా మీద చేయి వేసి, "ఇంకోసారి తీస్తే బెటర్" అన్నాడు.

విక్రమ్ లచ్చి వైపు చూశాడు. "అమ్మా... ఇంకొక్కసారి... ఇలాగే..."

లచ్చి కొంగుతో ముఖం తుడుచుకుని, కడియాలు పైకి జరుపుకుంటూ లేచింది.

"బిడ్డ మీద పడి రెండుసార్లు ఎవలన్న ఏడుస్తరా?" అంది.

అనేసి, తాడు దాకా నడిచింది. తాడును చేత్తో పట్టుకుని, దాని కింద నుంచి వంగలేదు. కుమార్ వచ్చి గుంజ నుంచి ముడి విప్పేదాకా నిలబడింది. విప్పాక దాని మీద నుంచి నడిచి తాలు కుప్ప దగ్గరికి పోయింది. ఒకరి వెనక ఒకరు అందరూ పోయారు. కళావతి లేచి కూర్చుని, ఒంటి నిండా అంటిన మిరపకాయలను ఒక్కొక్కటే తీసి కల్లంలో వేసింది. పోశాలు ఆమెకు చేయి అందించాడు.

"నీ మాట పాయె గద బాపు" అంది.

"పాయె" అన్నాడు పోశాలు. కానిస్టేబుల్ టోపీని చేతుల్లో ఒకసారి గుండ్రంగా తిప్పాడు. "పోనీ."

పొద్దు పొడిచి కల్లం ఎర్రగా మండే వేళకు కెమెరా పెట్టెల్లో సర్దేశారు. విక్రమ్ మిర్చి బస్తా మీద కూర్చుని, తీసిన షాట్‌ను చిన్న తెర మీద చూస్తూనే ఉన్నాడు. శ్రీలత నీళ్ల సీసా తెచ్చి ఇస్తే పట్టుకున్నాడు గానీ తాగలేదు. ఎండెక్కి తెర మీద బొమ్మ కనబడకపోతే కోటు అడిగి, నెత్తి మీద కప్పుకుని చూశాడు.

ఆ తర్వాత రోజు సినిమావాళ్లు రాలేదు. భూపాలపల్లి పోయారని ఒకరు, పట్నం తిరిగిపోయారని ఒకరు అనుకున్నారు. ఇంకో రోజుకు తాలు ఏరడం అయిపోయి, మంచి కాయ బస్తాల్లో తొక్కడం మొదలైంది. బస్తాలోకి దిగి, అంచులు పట్టుకుని, పాదాలతో అదుముతూ గుండ్రంగా తిరగాలి. కళావతి ఒక బస్తాలో ఉంది. లచ్చి బయట నిలబడి గంపతో కాయ పోస్తోంది.

మధ్యాహ్నం కావస్తుండగా శ్రీలత ఒక్కతే ఆటో దిగి వచ్చింది. తుమ్ముతూనే కల్లంలోకి నడిచింది.

"అక్కా, సార్ పంపించిండు. కథ మారుస్తుండు. రెండు రోజుల నుంచి తిండి లేదు, రాసుడే రాసుడు. కుమార్ సార్‌తోని లొల్లి గూడ అయింది." ఊపిరి తీసుకుంది. "డిటెక్టివ్ గా తాళంచెవి పట్టుకపోడట. మీ తండకు వస్తడట. పేరు సునీతనే ఉంచుతమన్నడు. పెట్టుకోవచ్చునా అని ముందుగాల మిమ్మల్ని అడగమన్నడు."

లచ్చి గంప కింద పెట్టింది. వేళ్లకంటిన గింజలు దులుపుకుంది. 

"పెట్టుకోన్రి" అంది. "ఊరి పేరు గూడ పెట్టమను. ఎవలి బిడ్డో గది గూడ చెప్పమను."

"చెప్తమవ్వా." శ్రీలత తటపటాయించింది. "ఇంకోటి అడగమన్నడు. డిటెక్టివ్ తండకు వస్తడు, అందర్ని అడుగుతడు, బాగనే ఉన్నది. మరి ఆమెను సంపింది ఎవలని రాయాలె, మీరేమనుకుంటున్నరో తెల్సుకుని రమ్మన్నడు."

కళావతి బస్తాలో తొక్కుతున్న కాళ్లు ఆపింది. నడుము దాకా మిర్చిలో నిలబడి, శ్రీలతను చూసింది.

"మాకు తెలిస్తె గిట్ల బస్తాలు తొక్కుకుంట ఉంటమా బిడ్డా?" అంది. "ఎవలు తోలుకపోయిండ్రు, ఏ కాలువ, ఎవలు సూసిండ్రు, ఒక్కొక్కల ఇంటికి పోయి అడగమను. ఎండల తిరగమను. తలుపులు ఎయ్యనీ, ఎళ్లగొట్టనీ, మల్ల పోయి అడగమను. గా కోటేసుకున్నాయన పని గదే కాదా?"

లచ్చి గంప ఎత్తి కాయ పోసింది. కళావతి అంచులు గట్టిగా పట్టుకుని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.